కెప్టెన్ రాజీనామా

2011 వానాకాలం మొదట్లో నన్ను సర్వే పని మీద జగిత్యాలకు పంపారు. అప్పటికి నేను ఒక టీవీ కేంద్రంలో, ప్రేక్షక పరిశోధన విభాగంలో సహాయాధికారిని. హోదా పేరు పెద్దదే గాని పని సులువుగా చెప్పేయొచ్చు. మేం వేసిన కార్యక్రమాన్ని జనం చూస్తున్నారా, చూస్తే ఏమనుకుంటున్నారు అని ఊళ్లు తిరిగి అడిగి రావడం. స్టూడియోలో ఉన్నవాళ్లకు మా విభాగమంటే గిట్టదు. విందులో తిన్నవాళ్ల మాటలు మూటగట్టుకొచ్చి వంటవాడి ముందు విప్పేవాణ్ని ఎవరు మాత్రం ఇష్టపడతారు?

ఈసారి అడగవలసింది ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ గురించి. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పూట వచ్చేది. భూమి మీద నీళ్లు అడుగంటిపోయి, కొంతమంది జనం పెద్ద అంతరిక్ష నౌకలో ఇంకో గ్రహానికి బయలుదేరతారు. ఆ నౌకను నడిపే కెప్టెన్ వసుధ అనే ఆడమనిషి. కథ సగానికి వచ్చేసరికి నౌకకు చిల్లుపడి గాలి బయటికి పోతుంటుంది. కింది అంతస్తు తలుపు మూసేస్తే మిగతా జనం బతుకుతారు, కింద పనిచేస్తున్నవాళ్లు మాత్రం దక్కరు. మూసేయమని భూమి నుంచి ఉత్తర్వు వస్తుంది. ఆమె మూయిస్తుంది. ఆ ఎపిసోడ్ తరువాత మాకు వచ్చిన ఉత్తరాలు రెండుగా చీలిపోయాయి. మా ఇంటి ఆడబిడ్డలా ఉందని కొందరు, అది మనిషి కాదు బండరాయి, తీసేయండని కొందరు. అందులోనూ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. మిగతా ఎపిసోడ్లలో వసుధను ఉంచాలా తీసేయాలా అన్నది ఈ సర్వే చూసి తేలుస్తామని పైవాళ్లు నిర్ణయించారు. అందుకోసం నేను ఊళ్లు తిరిగే శని, ఆదివారాల్లో అదే ఎపిసోడ్‌ను మళ్లీ వేశారు.

వసుధగా నటించిన స్వరూపది బుగ్గారం. చిన్నప్పటి నుంచీ రేడియో నాటకాల్లో పనిచేసిన మనిషి. ఆ పని వదులుకుని ఈ సీరియల్‌కు వచ్చింది. ఒప్పందం మొదటి సగానికే రాసుకున్నారు. నేను దిగానని తెలిసి జగిత్యాల బస్టాండుకు వచ్చి కలిసింది. ఏదో సిఫారసు అడుగుతుందేమోనని నేను కాస్త బిగుసుకునే ఉన్నాను. "నాకు మార్కులు వెయ్యమని అడుగుతలేను సార్. మా చిన్నమ్మ తిడుతది, మా మేనత్త మెచ్చుకుంటది. ఇద్దరు చూసింది ఒకటే గద. ఎందుకు తిడుతున్నరో జర తెలుసుకుని చెప్పుండ్రి, దిద్దుకుంట," అంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఒక నటి నన్ను అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే.

మా పద్ధతి ఇది. ఒక చోట పదిమందిని కూర్చోబెట్టి, బాగుందా లేదా అని అడిగే ముందు రెండు గుర్తు ప్రశ్నలు వేస్తాం. ఒకటి కంటికి కనిపించిన దాని మీద, ఒకటి చెవిన పడిన దాని మీద. కెప్టెన్ వేసుకున్న బట్టల రంగేమిటి? తలుపు మూసే ముందు ఆమె ఏమంది? రెండింటికీ జవాబు చెప్పినవాళ్ల అభిప్రాయమే లెక్కలోకి వస్తుంది. ఒకటి తప్పినా ఆ జవాబు చెల్లదు. చూడకుండానే మాట్లాడేవాళ్లను ఏరేయడానికి పెట్టిన నియమమది. చెడ్డదేం కాదు, అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ బోలెడంతమంది.

జగిత్యాలలో తహసీల్ చౌరస్తా దగ్గర ప్రత్యేక రాష్ట్రం కోసం రిలే నిరాహార దీక్షల శిబిరం నడుస్తోంది. రోజుకో సంఘం వాళ్లు పొద్దున కూర్చుని సాయంత్రం లేచేవారు. వార్తల కోసం పక్క జిరాక్స్ దుకాణం నుంచి తీగ లాక్కుని ఒక టీవీ పెట్టుకున్నారు. ఆ శనివారం ఉపాధ్యాయుల వంతు. పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో, చేతిలో పని లేక, కళ్లూ చెవులూ టీవీకే అప్పగించి కూర్చున్నారు. గుర్తు ప్రశ్నలకు ఠక్కున జవాబు చెప్పారు. బట్టలు నీలం. తలుపు మూసే ముందు కింద ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ పేరు అడిగింది. మరి కెప్టెన్ ఎలా ఉందని అడిగితే గంగాధర్ సార్ అనే లెక్కల మాస్టారు అందరి తరఫునా తీర్పిచ్చేశారు. "మనిషి మంచిదే. కానీ పైకెల్లి ఆర్డరొస్తే వినుడేంది? రాజీనామా చెయ్యాలె."

ఆ రోజుల్లో ఊరూరా అదే మాట. ఎమ్మెల్యేలు రాజీనామా చెయ్యాలి, ఎంపీలు చెయ్యాలి. ఇప్పుడు అంతరిక్షంలో ఉన్నావిడ కూడా. నడిదారిలో కెప్టెన్ దిగిపోతే నౌకను ఎవరు నడుపుతారని నేను అడిగాను. "గది తర్వాతి ముచ్చట. ముందైతే కాయితం పారేయాలె," అన్నారు. శిబిరమంతా చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను.

మరునాడు సిరిసిల్ల వెళ్లాను. అక్కడ సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాలు నడిచే చోట, గోడకు టీవీ ఉంది. ముప్ఫై సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. చేతి సైగలతోనే దారం తెగిందని, షిఫ్ట్ అయిందని, చాయ్ వచ్చిందని చెప్పుకుంటారు. టీవీ శబ్దం సంగతి ఇక అడగనక్కర్లేదు. పని ఆగాక బయటకు వచ్చి మాట్లాడారు. బట్టలు నీలమని, జుట్టు పొట్టిదని, ఎడమ భుజం మీద పట్టీ ఉందని కూడా చెప్పారు. తలుపు మూసే ముందు ఏమంది? ఆ చప్పుడులో వినపడలేదన్నారు. రాజేశం అనే పెద్దాయనకు మాత్రం కోపమొచ్చింది. "ఏమంటది సార్, ఆర్డరేసింది. నోరు కదులుతనే ఉన్నది, కంటి రెప్ప గూడ కొట్టలే. లోపలున్నోళ్లు మాలెక్క పనోళ్లు. గట్ల చంపినామె మాకెట్ల నచ్చుతది?" అన్నాడు. పేర్లు అడగడం ఆయనకు ఉత్తర్వులాగా కనిపించింది. నాకు అప్పుడే కాస్త అనుమానం తగిలింది.

ఆ అనుమానం కోరుట్లలో తీరింది. రహీమున్నీసా అనే ఆవిడ ఇంటి వసారాలో చుట్టుపక్కల ఆడవాళ్లు కలిసి బీడీలు చేసేవారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో తునికాకు, కత్తెర. టీవీ లోపలి గదిలో, వీళ్ల వీపు వెనక మోగుతోంది. కెప్టెన్ బట్టల రంగు అడిగితే పకపకా నవ్వారు. "టీవీ దిక్కు చూస్తే వేలు తెగుతది భయ్యా. మేం సీరియల్ వింటం, చూస్తమా?" అంది రహీమున్నీసా. ఏమంది అన్న ప్రశ్నకు మాత్రం అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. కింద చిక్కుకున్నవాళ్ల పేర్లు వరుసగా అప్పజెప్పారు. పక్కన కూర్చున్న లచ్చవ్వ కళ్లు తుడుచుకుంది. "ఆఖరి పిలగాని పేరు అడిగేటప్పుడు గొంతు పూడుకుపోయింది సార్. గామె కడుపుల ఎంత బాధ పెట్టుకుని తలుపు మూసిందో. మా సొంత బిడ్డకు అయినట్టే అయింది మాకు."

తిట్టినవాళ్లు ఆమెను చూశారు. మెచ్చినవాళ్లు ఆమెను విన్నారు. ఇద్దరూ ఒకే మనిషి గురించి మాట్లాడడం లేదు. ఆ సాయంత్రమే స్వరూపకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమె అంది: "మొహం కదలనియ్యొద్దు, కెప్టెన్ అంటే గట్టిగుండాలె అని డైరెక్టర్ చెప్పిండు సార్. గొంతు సంగతి ఏం చెప్పలే. నేను రేడియో దాన్ని గద, ఉన్నదంత గొంతులనే పెట్టిన." ఈసారి మొహంలోనూ కొంచెం పెడతానని, అది నేర్చుకోవడం తనకు కష్టం కాదని, సంబరంగా మాట్లాడింది. ఎందుకో తెలిసింది కాబట్టి ఇక దిద్దుకోవచ్చని నేను కూడా నమ్మాను.

నివేదిక తయారైంది. నియమం ప్రకారం సిరిసిల్ల జవాబులు చెల్లలేదు, విన్న ప్రశ్నలో తప్పారు. కోరుట్ల జవాబులు చెల్లలేదు, చూసిన ప్రశ్నలో తప్పారు. మిగిలింది జగిత్యాల శిబిరం. చెల్లని జవాబుల్లోనే అసలు సంగతి ఉందని, బట్టతో, బీడీతో బతికే ఊళ్లల్లో టీవీ ఇలాగే నడుస్తుందని నేను విడిగా ఒక వివరణ రాసి జతచేశాను. సమీక్షా సంఘం సమావేశంలో దాన్ని చదివి వినిపించాను కూడా. మా ఉప సంచాలకులు మర్యాదస్తుడు. శ్రద్ధగా విని, "చాలా ఆసక్తిగా ఉందండి, కానీ చెల్లని జవాబుల మీద నిర్ణయం తీసుకుంటే రేపు ఆడిట్‌కు ఏం చెబుతాం?" అన్నారు. సంఘం పట్టిక ఒక్కటే చూసింది. పట్టికలో ఉన్న ఏకైక సూచన రాజీనామా. అందరికీ అది నచ్చింది కూడా, కాలానికి తగినట్టుగా ఉందని. ఆ గదిలో నేను గొంతు పెంచాను. పెంచినా ఒరిగిందేమీ లేదు.

దసరా పోయాక వచ్చిన ఎపిసోడ్‌లో కెప్టెన్ వసుధ రాజీనామా చేసింది. ఆమె కుర్చీలో గడ్డం ఉన్న ఒక మగమనిషి కూర్చున్నాడు. జగిత్యాల శిబిరంలో స్వీట్లు పంచారని విన్నాను. ఒక్కరన్నా మాట నిలబెట్టుకున్నారని గంగాధర్ సార్ అన్నారట. సిరిసిల్లలో, ఆమె భుజం మీది పట్టీ తీసి బల్ల మీద పెట్టడం చూసి, పనోళ్లను చంపినందుకు శిక్ష పడిందనుకున్నారు.

స్వరూపకు రెండో సగం ఒప్పందం రాలేదు. రేడియోకు వెళితే ఆమె స్థానంలో వేరేవాళ్లను తీసుకున్నామన్నారు. తరువాత బీర్పూర్‌లో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిందని తెలిసింది. తప్పు ఎక్కడుందో తెలుసుకుని కూడా దిద్దుకునే అవకాశం దొరకలేదు ఆమెకు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ చలికాలంలోనే ఇంకో సర్వే మీద కోరుట్ల వెళ్లి, రహీమున్నీసా వసారాలో ఆగాను. టీవీ కట్టేసి ఉంది. కొత్త కెప్టెన్ గొంతు తమకు పట్టలేదని చెప్పారు. రాజీనామా రోజు సంగతి లచ్చవ్వ చెప్పింది. "పోయొస్త అని గామె అందర్ని పేర్లు పెట్టి పిలుస్తుంటే మా చేతులు ఆగినయి సార్. కత్తెరలు పక్కకు పెట్టి, లోపలికి పోయి, మొదటిపారి మొహం చూసినం. మేం ఎవరో పెద్దామె అనుకున్నం. గింత చిన్న పిల్ల!"

ఆ తరువాత మిగిలిన సర్వీసంతా, ఏ ఊరికి వెళ్లినా, కార్యక్రమం నచ్చిందా అని అడగడానికి ముందు మీరు చూశారా, విన్నారా అని అడిగేవాణ్ని. ఆ ప్రశ్నను పత్రంలో చేర్చమని పైకి రాశాను. నేను రిటైరయ్యే నాటికి అది పరిశీలనలోనే ఉంది.