మూడు లెక్కల పాట

ఇస్త్రీ వదిన ఈ వయసులో గిటార్ నేర్చుకుంటోందట. అదీ టీవీలో ఆట ఆడుతూ! ఆసుపత్రి లాండ్రీలో ఈ మాట పొద్దున దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర పుట్టింది. మధ్యాహ్నానికి దానికి కాళ్ళొచ్చాయి. సాయంత్రమయ్యేసరికి ఆవిడ ఎవరిదో పెళ్ళిలో స్టేజీ కూడా ఎక్కబోతోంది.

"వదినా, మమ్మల్నీ పిలువు. చప్పట్లు కొట్టడానికి మనుషులు కావాలిగా," అంది మడతలావిడ.

"ముందు ఆ దిండుగలీబులు ఇలా తొయ్యమ్మా," అంది వదిన.

అంతకు మించి మాట్లాడే ఓపిక లేదు. గుడ్డ పరచడం, ఆవిరి యంత్రం మూత దించడం, నాలుగు లెక్కపెట్టి ఎత్తడం. పంతొమ్మిదేళ్ళుగా ఒంటికి తెలిసిన లెక్క అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి వాళ్ళాయన గోడవైపు తిరిగి కూర్చునున్నాడు. ఆయన తాళంచెవులు చేసేవాడు. ఎడమచేత్తో తాళంచెవి పట్టుకుని కుడిచేత్తో ఆకురాయి పెట్టి దానికి పళ్ళు కోసేవాడు. పక్షవాతం వచ్చాక ఎడమచేతి వేళ్ళు మాట వినడం మానేశాయి. రోజూ కదిలించకపోతే అలాగే బిగుసుకుపోతాయని, ఇక కొట్టు సంగతి మర్చిపోవడమేనని వ్యాయామం నేర్పే అమ్మాయి తెగేసి చెప్పింది. పిసకమని ఆ అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన మంచం కిందకి విసిరేశాడు. వంగి తియ్యడానికి వదినకీ నడుము సహకరించలేదు.

ఆడపడుచు ఇల్లు మారుతూ పాత గిటార్, దాన్ని టీవీకి తగిలించే ఆటపెట్టె ఇచ్చిపోయింది. తెర మీద రంగు గుర్తులు జారుతూ వస్తాయి. గుర్తు గీతని తాకగానే ఆ రంగు తీగని నొక్కి మీటాలి. బంతికి బదులుగా వదిన ఆ గిటార్ ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఎడమ మణికట్టు వాలిపోతుంది కాబట్టి దాన్ని కుడిచేత్తో ఎత్తి పట్టుకోవాలి. మరి మీటేదెవరు? వదిన స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"నిద్రపోతున్నావా? ఆలస్యంగా మీటావు."

"మీ వేలు ఎక్కడుందో చూసుకోండి ముందు."

"నా వేలు ఉండాల్సిన చోటే ఉంది. నీ చెయ్యే ఇంకా లాండ్రీలో ఉంది!"

నూటికి ఏడు అంది తెర.

నిజానికి ఆ పాట మూడేసి లెక్కల్లో నడుస్తుంది. వదిన చెయ్యి మాత్రం నాలుగో లెక్కకి గానీ లేవడం లేదు. అలసటకి తెర మీది రంగులు కళ్ళలోకి ఎక్కడం లేదు. చెయ్యి దాని పాటికి అది మూత ఎత్తుతోంది. ఆ సంగతి మొదట పట్టుకున్నది ఆయనే.

"నాలుగు కాదే, మూడు! ఒకటి, రెండు, మూడు!"

ఇన్ని వారాల్లో ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి. తప్పు పెళ్ళాందేనని తేల్చాలన్న పంతంతో ఉంగరపు వేలిని తీగ మీద నొక్కి పట్టాడు. తెల్లబడేంతగా నొక్కాడు. అప్పటిదాకా వంగనే వంగని వేలు.

వదిన చూసింది. ఏమన్నా అంటే మళ్ళీ గోడవైపు తిరుగుతాడు.

"మళ్ళీ మొదలెట్టండి," అంది.

తర్వాతి సాయంత్రాల్లోనూ ఆవిడ చెయ్యి తప్పుతూనే ఉంది. కావాలని కాదు, నిజంగానే ఒంట్లో ఓపిక లేక. ఆయన తిడుతూనే ఉన్నాడు, లెక్కపెడుతూనే ఉన్నాడు, వేలు మార్చి వేలు నొక్కుతూనే ఉన్నాడు. నెల తిరిగాక ఒకరోజు ఆయన సొరుగులోంచి పళ్ళు కొయ్యని తాళంచెవి ఒకటి తీసి ఎడమచేతి వేళ్ళ మధ్య పెట్టుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి ఆకురాయి రెండుసార్లు ఆడేదాకా నిలిచింది.

మర్నాడు మడతలావిడ వదల్లేదు. "ఎంతవరకొచ్చింది వదినా, పాట?"

వదిన మూత దించి లెక్కపెట్టుకుంటోంది.

ఆవిడకి ఒక్క పాటా రాదు. ఏ తీగని ఎక్కడ నొక్కాలో కూడా తెలియదు. నొక్కేది ఆయన.