వంకమ్మకు పొట్టేలు

కవితకు నోరాగదు. వేముల ఊరి పిల్ల గదా, మాట దుడుకు. పులివెందుల కౌన్సెలింగ్ సెంటర్లో ఎవురొచ్చి ఏడ్చినా, సగం వినకముందే "అట్ల కాదక్కా, ఇట్ల చెయ్" అని అందుకునేది. ప్రొద్దుటూరులో ట్రైనింగిచ్చిన మెహరున్నీసా మేడం తల పట్టుకునింది. "సలహాలిచ్చేవాళ్లు ఊరినిండా ఉండారు. నువ్వు అడగమ్మా. మనిషి వేరు, కష్టం వేరు. కష్టానికి వాళ్లతోనే పేరు పెట్టించు. దానికేం కావాలో, అది ఎప్పుడు తగ్గిందో అడుగు."

గమ్మునుండి అడగడమా! కవితకు అంతకంటే ఒక్కపొద్దులే సులువు. అయినా పట్టుబట్టి నేర్చుకునింది.

అప్పుడొచ్చినాడు రామాంజులు, గొర్రెలు మేపే మనిషి. వానలకు వంక పొంగి సగం మంద కొట్టుకుపోయింది. అప్పట్నుంచి గొర్రెల దొడ్డిలో కాలు పెట్టలేదు. వెంటొచ్చిన భార్య నాగులమ్మ ఒక్కతే మేపలేక అలిసిపోయింది.

"వచ్చే సంతలో మిగిలిన జీవాలు అమ్మేస్తాండా మేడం. ఈయనకింగ చేతగాదు."

"భయం పట్టుకునిందక్కా, అంతే," అని కవిత ఆయన పక్కకు తిరిగింది. "మామా, ఆ భయానికి ఒక పేరు పెట్టు."

రామాంజులు "వంకమ్మ," అన్నాడు.

"వంకమ్మకు ఏం కావాలంట?"

"కనుక్కోనొస్తా."

మళ్లా ఇద్దరూ వచ్చేతలికి నాగులమ్మ మండిపడతాంది. "ఏం మేడం, వంకమ్మకు పొట్టేలు కొట్టాలని నువ్వే చెప్పినావంట?"

కవితకు అప్పుడు వెలిగింది. ఈ సీమలో పేరు పెట్టి, ఏం కావాలని అడిగితే అది దేవత గాక ఇంకేమైతాది? తానూ గొర్లోళ్లింట్లో పుట్టిందే, ఆమాత్రం తట్టలేదు సూడు! "అది దేవతా కాదు, పాడూ కాదు" అని గసరబోయి, ఎట్లనో నోరు మూసుకునింది.

"ఏ పొట్టేలు మామా?"

"నల్లమొగంది. గిట్ట పగిలింటే మందు గూడా పూసినా."

"ఎవురు పట్టిచ్చినారు?"

"ఎవురేంది? నేనే దొడ్డిలోకి పోయి ఒక్కోదాన్నీ తడిమి చూసి పట్టుకుంటి."

నాగులమ్మ నోరు తెరుచుకోని మొగుని పక్క చూసింది. దొడ్డి పని ఆయన నోట విని ఎన్నాళ్లాయెనో!

కవిత గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు లోపలున్నంతసేపూ వంకమ్మ యాడుండె మామా?"

రామాంజులు ఉలిక్కిపడినాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. "రాలేదు మేడం. దొడ్డి బయటనే నిలబడిపోయింది."

కవితకు ఎగిరి గంతేయాలనిపించింది. మాట్లాడింది మాత్రం నాగులమ్మే. "అయితే ఆ పొట్టేలును కొట్టేదా, అమ్మేదా?"

"రెండూ వద్దు. రేపట్నుంచి మంద తోలుకుపోతా," అని, ఆయన భార్య కొంగు అంచు పట్టుకున్నాడు. "వంక దాటేదాకా నువ్వూ రా."