వెనకదారి కొలత

రెంటచింతలలో ఎండ బాధ తప్పించుకోవడానికి నేలమాళిగ కట్టించుకునేవారు మేస్త్రీ యేసుపాదాన్నే పిలిచేవారు. నాపరాతి పనిలో అతనికి ఇరవై రెండేళ్ల అనుభవం. సన్నటి మనిషి. అరంగుళం తేడా వచ్చినా తను కట్టిన గోడను తనే విప్పేవాడు.

1986 ఏప్రిల్‌లో, పరుపులు కుట్టే దావూద్ ఇంటి కింద పద్నాలుగడుగుల గది సిద్ధమైంది. వేసవంతా దూది అక్కడే దించుకుని పని చేసుకోవాలని దావూద్ ఆశ. అతని తల్లి గుల్జార్ బేగం కింద, మెట్ల మొదట్లో కిరసనాయిలు స్టవ్వు పెట్టుకోవాలనుకుంది. అక్కడైతే కాస్త గాలి ఆడుతుంది. మేస్త్రీకి నచ్చనిదీ అదే. మెట్ల దగ్గర నిప్పంటుకుంటే లోపలివాళ్లకు దారి ఉండదు. అందుకని వెనక గోడలో, పెరట్లోకి తేలేటట్టు ఒక కంత వదిలాడు. బేగం దాన్ని మూసెయ్యమంది.

"కోళ్లగూడు పెట్టుకునే చోట కంతేంది మేస్త్రీ? దొంగల్ని దావత్‌కి పిలిచినట్టుంది."

"లోపల గడియ పెట్టి ఇనప తలుపు బిగిస్తానమ్మా. పోనీ, స్టవ్వు పైన పెట్టుకోండి."

"ఈ ఎండల్లో పైన నువ్వు వండు, నేను తింటా."

కంత మూస్తే పని వదిలేసి పోతానన్నాడు యేసుపాదం. ఇన్నేళ్లలో ఏ ఇల్లూ అతను సగంలో వదల్లేదు. ఇద్దరి మధ్యా నలిగిన దావూద్, ఒక్కసారి పరీక్షించి చూద్దామన్నాడు.

మర్నాడు పొద్దున్నే, దూది దించకముందే, మేస్త్రీ కంతకు రాతిపలక అడ్డం పెట్టాడు. మెట్ల మొదట్లో బొగ్గుల కుంపటి ఉంచి, తడి వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వేశాడు. పక్కనే బక్కెట్టుతో ఇసుక పెట్టుకున్నాడు. ముగ్గురూ లోపలే నిలబడ్డారు. పొగ ముందు కప్పుకు పట్టింది, తర్వాత పొరగా కిందికి దిగింది. దావూద్ చేతిగడియారం ప్రకారం నిమిషం నలభై సెకన్లకు అది బేగం కళ్లదాకా వచ్చింది.

"వంగండమ్మా, కింద గాలుంటుంది" అంటూ మేస్త్రీ పలక లాగాడు. దావూద్ పాకుతూ బయటపడ్డాడు. వెనకే వచ్చిన బేగం నడుం దగ్గర ఇరుక్కుపోయింది. మేస్త్రీ దగ్గుతూ కుంపటి మీద ఇసుక కుమ్మరించాడు. బయటనుంచి కొడుకు రెండు చేతులూ పట్టి లాగితే ఆమె పెరట్లో పడింది.

"ఈ కంత ఎవురి కొలతకు పెట్టినావు మేస్త్రీ?" కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ అడిగింది.

యేసుపాదం తలదించుకున్నాడు. "నా కొలతకేనమ్మా. తప్పు నాదే."

"మూసెయ్యమన్న తప్పు నాది. దీన్ని నాకు పట్టేటట్టు కొట్టు. కోళ్లు ఇంకోచోట పడుంటయ్. స్టవ్వూ పైనే ఉంటదిలే." గోడకు చేరగిలబడి నవ్వుతున్న కొడుకు వైపు తిరిగింది. "ఏందిరా నవ్వేది? నేను ఆడే ఇరుక్కుంటే పరుపులకు అంచులు ఎవురు కుడతారు?" అంటూ తనూ నవ్వేసింది.

ఆమె టేపు తీసుకుని ఇంట్లోకి వెళ్లి, తన కొలత తనే తీసుకుని, తలుపు చాటునుంచి అంకె చెప్పింది. దానికి ఆరంగుళాలు కలిపి మేస్త్రీ సాయంత్రానికల్లా రాయి కొట్టాడు.

తరువాత కట్టిన తొమ్మిది నేలమాళిగలకూ, ముగ్గుతో గీత గీయకముందే యేసుపాదం ఒక ప్రశ్న అడిగేవాడు: "ఇంట్లో అందరికన్నా లావు ఎవురండీ?"

ఒక్కరు తప్ప ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఆ ఒక్కరి చేతికే అతను టేపు అందించేవాడు.