ఇంగిలీషుకు నేను చేసిన మరమ్మతు

ఆ రోజుల్లో మార్కాపురంలో పలకలకు కరువు లేదు, నాకు తెలివికి కరువు లేదనుకునేవాణ్ణి. ముందే ఒప్పుకుంటున్నాను, నా మాటల్లో సగం తీసేసి చదవండి. నేను చూసిన బల్లి రెండోసారి చెప్పేటప్పటికి ఉడుము, మూడోసారికి మొసలి అవుతుంది. డిగ్రీలో ఇంగిలీషు మూడుసార్లు తప్పాను (నాలుగోది లెక్కలోకి రాదు, ఆ రోజు పరీక్షకే పోలేదు). తప్పు నాది కాదు, ఇంగిలీషుదని తేల్చుకుని, దానికి మరమ్మతు మొదలుపెట్టాను. నాయన పనిచేసే పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విరిగిన పలకలు నాలుగు వేలు తీసుకుని, కొత్త స్పెల్లింగులన్నీ రాసి పేర్చాను. ఆ గుట్ట చాటున మా ఇంట్లో మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకునేవాళ్లం.

చెల్లెలు అప్పుడు పదో తరగతి. "ఇంగిలీషు తప్పితే పాపను బడి మాన్పించి పలకలకు చెక్కలు బిగించే పనికి తీసకపోతా. తిని తిరుగుతాండావు గదా, దానికి చెప్పురా" అన్నాడు నాయన.

"అన్నా, ఇంగిలీషులో కత్తి రాసేటప్పుడు ముందు ఈ 'కె' ఏంది? పలకదు, ఊరికే కూర్చోనుండాది."

"మన పెద్దమామ మాదిరి. పని చేయడు, పెండ్లిలో ముందు వరసలో కూర్చుంటాడు. పీకెయ్."

"పీకితే సారు కొట్టడా?"

"సారుకే మనం నేర్పిస్తాం పాపా!"

పాపం, నమ్మింది. పలకని అక్షరాలన్నిటినీ పీకేసి పరీక్ష రాసింది. పేపరు దిద్దిన సారు ఆ సులువుకు కళ్లనీళ్లు పెట్టుకుని పాస్ చేశాడు.

ఇప్పుడు ఫోన్లలో లోకమంతా నా మరమ్మతే. సన్మానానికి నన్నెవరూ పిలవలేదు, పిలిచినా పోయే ఓపిక లేదు. గిద్దలూరులో కాపురమున్న చెల్లెలు కూడా పొద్దున్నే సగం అక్షరాలు మింగేసి శుభోదయం పంపుతుంది. నేను మాత్రం పూర్తి స్పెల్లింగుతో జవాబిస్తాను. "ఎందుకన్నా అన్ని అక్షరాలు? నీకేం పనిలేదా?" అంటుంది.

ఇక కల్పించిందేదో చెప్పాలి. పలకలు నిజమే (సరే, నలభై). సారు కన్నీళ్లే అబద్ధం. చెల్లెలు తప్పింది. నాయన మార్కుల కాగితం పట్టుకుని, "అన్న ఏం చెప్పినాడు నీకు?" అని అడిగినప్పుడు నేను తలుపు వెనక ఉన్నాను.

"అన్న బాగనే చెప్పినాడు నాయనా. నేనే సదవలేదు."

ఆ ఏడాదంతా చెక్కలు బిగించింది. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఒక విరిగిన పలక ఒళ్లో పెట్టుకుని, నేను పీకించిన అక్షరాలన్నీ ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ నేర్చుకుంది. మరుసటేడు పాసైంది. నేను తలుపు వెనకనుంచి బయటికి వచ్చి, తప్పు నాదేనన్న మాట నాయనకు ఇప్పటిదాకా చెప్పనే లేదు.

"పనిలేదు పాపా" అని రాస్తాను రోజూ. ఒక్క అక్షరం వదలకుండా.