ఎమ్కా ముందద్దం

బురుల్చాకి ఏదైనా ఊడిరాకపోతే సంతోషం. మాటవరసకి కాదు, నిజంగానే. సులువుగా ఊడిన మరమేకుని డబ్బాలో పడేసి మర్చిపోతుంది. మొండికేసిన మర దొరికిందా, దాని ముందు పీటేసుకుని కూర్చుని, దీనికేం రోగమొచ్చింది, ఎందుకిలా పట్టుకు వేలాడుతోంది అని ఆరా తీస్తుంది. కిర్గిజ్ దేశంలోని కారకోల్‌లో పాత కార్ల అద్దాలు దించి మళ్ళీ ఎక్కించడం ఆమె పని. పక్క షెడ్డులో వెల్డింగు చేసే ఒరోజ్ ఆమె మొగుడు. ఉత్త తొందరమనిషి. వాళ్ళ కాపురంలో పోట్లాటలన్నీ ఒక్కటే: అతను డ్రిల్లు పట్టుకొస్తాడు, ఈవిడ అడ్డం నిలబడుతుంది.

ఆపిల్‌పళ్ళు కోతకొచ్చిన రోజుల్లో కసీమాలి అనే పెద్దాయన ఎమ్కా అనే సోవియట్ కారు ఒకటి లారీమీద వేయించుకొచ్చాడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందటి బండి. దాని ముందద్దం ఇప్పటి కార్లలోలా కదలకుండా ఉండేది కాదు. చట్రంతో సహా పైనున్న రెండు బందులకి వేలాడుతుంది, లోపల్నించి పిడి తోస్తే బయటికి తెరుచుకోవాలి. ఇది ససేమిరా అంటోంది.

"ఎప్పట్నించి ఇలా ఉంది, అక్సకాల్?" అని అడిగింది బురుల్చా, ఆయన తెల్లగడ్డానికి ఇవ్వాల్సిన మర్యాద ఇస్తూ.

"నా చిన్నప్పట్నించి. నేనే విరగ్గొట్టానమ్మా."

చలికోటు చేతులు వేళ్ళదాకా దింపుకుని నిలబడ్డాడాయన. ఎండగా ఉన్నా అంతే. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. మంచు పడ్డ ఒక పొద్దున, వాళ్ళ నాన్న దూయ్షెన్ చూడకుండా బండెక్కి, అద్దం తెరుద్దామని పిడి తోశాడట. టక్కుమని చప్పుడు. అద్దం కదల్లేదు. తండ్రి పరిగెత్తుకొచ్చి చెంప ఛెళ్ళుమనిపించి, "నీ చెయ్యి పడితే ఇనుమైనా విరుగుతుందిరా!" అని, మళ్ళీ ఎవరూ ముట్టుకోకుండా మరలు రెండూ బిగించిపారేశాడట.

"ఇక ఆ మాటే నా పేరైపోయింది. కొడవలి ఇవ్వరు, కళ్ళెం ఇవ్వరు. బండి తమ్ముడు నడిపాడు. నేను బళ్ళో పంతుల్నయ్యాను. సుద్దముక్క విరిగినా నాకు గుండె గుభేలుమనేది. నాన్న పోయాడు, తమ్ముడూ పోయాడు. అద్దం తెరుచుకోకపోయినా ఫరవాలేదమ్మా. లోపల విరిగిందా లేదా, అదొక్కటి చూసి చెప్పు."

ఒరోజ్ అప్పటికే డ్రిల్లుతో ప్రత్యక్షమయ్యాడు. "చూడ్డానికేముంది? తొలిచేస్తే సరి."

"తొలిచేస్తే ఇక చూడ్డానికి ఏం మిగుల్తుంది, నీ మొహం! ఆయన అడిగిందేమిటి, నువ్వు చేసేదేమిటి?"

ఎడమ బందు మర కిరసనాయిలుకే లొంగింది. కుడిదే కొరకరాని కొయ్య అయింది. నూనె పోసింది, నానబెట్టింది, సుత్తితో మెల్లగా తట్టింది. ఉహూఁ. మంట పెడదామంటే అద్దం చిట్లుతుంది, అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకదు. ఒరోజ్ అటు వెళ్ళినప్పుడల్లా "ఏమంటోంది నీ వియ్యపురాలు?" అని గిల్లిపోతున్నాడు.

ఆమెకి పట్టుదలకంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. సూదితో ఆ సందులో గీకింది. ఎర్రటి తుప్పు రావాలి కదా? రాలేదు. బెల్లం పాకం ముదిరినట్టు గోధుమరంగు ముక్క ఒకటి వచ్చింది. ఇదెక్కడి వింత! దాన్ని చెంచాలో వేసి టీ పొయ్యిమీద పట్టుకుంది. కాసేపటికి షెడ్డంతా ఒక వాసన. ముక్కుపుటాలెగరేస్తూ ఒరోజ్ లోపలికొచ్చాడు.

"విందెవరిది? నన్ను పిలవలేదేం?"

"నోర్మూసుకో. అక్సకాల్, మీ నాన్న బండికి ఏం పూసేవాడు?"

"ఇంకేం పూస్తాడు? గొర్రె తోకకొవ్వు. జీనుకీ అదే, బూట్లకీ అదే, నా దగ్గుకీ అదే. చలి మొదలవగానే గొర్రెని కోసి ముందు బండికి పెట్టేవాడు, తర్వాతే మాకు." ఆ మాట అనేశాక ఆయన గబుక్కున బండివైపు తిరిగాడు.

ఇప్పుడేమన్నా తొందరపాటే అనుకుంది బురుల్చా. వాళ్ళ అవ్వ కొవ్వులో బూడిదనీళ్ళు పోసి సబ్బు వండేది, ఆ సంగతి గుర్తొచ్చింది. బూడిదనీళ్ళు గోరువెచ్చగా కాచి, గుడ్డలు తడిపి, ఆ బందుకి కట్టు కట్టింది. చల్లారితే మార్చింది, మళ్ళీ మార్చింది. అద్దానికి వేడి తగలకుండా మధ్యలో ఉన్నిపట్టా దోపింది. ఒరోజ్ గొణుక్కుంటూనే నీళ్ళు కాచి అందించాడు. పొద్దు వాలేవేళకి ఆ సందులోంచి మురికి నురగ వచ్చింది. అచ్చంగా సబ్బు నురగే. మరకి తిప్పుడుపుల్ల ఆనించి కొంచెం ఒత్తింది. కదిలింది. వెంటనే చెయ్యి తీసేసింది.

"మీరు తిప్పండి."

"నేనా? వద్దమ్మా, నా చేత్తో వద్దు."

"మరి నేను చూసి ఏం చెప్పినా మీరు నమ్ముతారా? రండి."

కోటు చేతులు పైకి లాక్కున్నాడు. తెల్లటి, పని తెలియని చేతులు. తిప్పాడు. మర చుట్టు చుట్టుకీ కీచుమంటూ ఊడివచ్చింది. దాని వెంట బందులోని ఇరుసూ వచ్చింది. బురుల్చా దాన్ని తుడిచి ఆయన అరచేతిలో పెట్టింది. నిటారుగా, నిగనిగలాడుతూ ఉంది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. బందు గూట్లో మాత్రం కొవ్వు రాయిలా గడ్డకట్టి ఉంది. ఆ పొద్దున మంచుకి అది బిగిసిందంతే. వచ్చిన టక్కు పిడి తగిలిన చప్పుడే అయుండాలి.

"మంచిగానే ఉంది," అన్నాడు కసీమాలి. ఆ ఇరుసుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం తన్నుకొచ్చింది ఆయనకి. "వేసవిలో ఒక్కసారి విప్పి చూసుంటే నీ సొమ్మేం పోయేది, నాన్నా?" అని గట్టిగానే అరిచాడు. ఒరోజ్ డ్రిల్లుని వెనక్కి దాచుకున్నాడు.

ఆయన అరుపు ఏడుపులోకి దిగింది. ఏడవనిచ్చారు. తర్వాత గూడు కడిగి, మంచి నూనె రాసి, మళ్ళీ బిగించారు. బిగించింది ఆయనే. "ఇంకొంచెం, అక్సకాల్, భయం లేదు," అంటూ ఆమె పక్కనే నిలబడింది.

టీ పోసి పిలిస్తే ఆయన రాలేదు. బండిలో కూర్చుని అద్దం తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మళ్ళీ తెరుస్తున్నాడు.