మారెమ్మ ఓడ

ఒకే ఒక్క మాట. "లేదు" అన్నాను. అన్నది క్షణం, మోస్తున్నది ఏళ్ళు. తప్పు చేసినవాళ్ళకు నిద్ర పట్టదంటారు. నాకు బాగానే పట్టింది, అదే మరీ సిగ్గు. తెలిసినవాళ్ళ దగ్గర ఈ సంగతి ఎత్తబోతే నోరు పెగలడం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా పెద్దలు భీమునిపట్నం నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డారు. నేను పద్మారావు నగర్‌లో ఉంటాను. బడిలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చర్చిలో మమ్మల్ని "సరంగుగారి వాళ్ళు" అంటారు. సరంగు అంటే ఓడలో పనిచేసే కళాసులందరికీ పెద్ద. మా నాయనమ్మ తండ్రి 'మేరీ మెక్రే' అనే తెరచాప ఓడలో సరంగు అని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. ఎందుకో మిగతా కుటుంబాల కంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు నడిచేవాళ్ళం కూడా.

ఆ ఓడ గురించి మాట్లాడమని చర్చిలో అడిగేవారు. నాకు అడగడమే ఆలస్యం. స్కాట్లండులో క్లైడ్ నది ఒడ్డున దాన్ని ఎలా కట్టారో, సన్నటి నడుముతో మూడు స్తంభాల నిండా తెరచాపలు ఎత్తి చైనా నుంచి లండన్‌కు కొత్త టీ ఎలా మోసిందో, ఏ ఓడ ముందు చేరుతుందా అని రేవంతా ఎలా ఎదురుచూసేదో చెప్పేదాన్ని. తర్వాత సూయజ్ కాలువ తవ్వారు, పొగ ఓడలు వచ్చాయి. టీ బేరం చేజారింది. ఆస్ట్రేలియా ఉన్ని మోసింది. ముసలితనంలో స్తంభాలు పీకించుకుని ఏదో రేవులో బొగ్గు కొట్టుగా పడి ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్ళు అయ్యో పాపం అనేవారు. ఓడ కోసం! నేనూ గొంతు కాస్త తగ్గించేదాన్ని. కానీ కథ మధ్యలో ఒక ముక్క కోసేసి చెబుతున్నానని నాకు తెలుసు.

కోసేసిన ముక్క ఇది. టీ పోయాక ఆ ఓడ చెన్నపట్నం రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాలుకు మనుషుల్ని మోసింది. చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద పోయేవాళ్ళను. టీ పెట్టెలు పేర్చిన అడుగు అంతస్తులోనే చెక్కలు కొట్టి వాళ్ళను పడుకోబెట్టారు. మా ముత్తాత ఆ చెక్కల మీద పడుకుని పోయాడు. ఆయన సరంగు కాడు, కూలీ.

నేను కాలేజీలో ఉండగా తిరుమలగిరి ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నాయనమ్మ ఈ మాట చెప్పింది. గడువు తీరి వెనక్కి వచ్చేటప్పుడు ఆయన ఎవరో కళాసు దగ్గర పాత కోటు సంపాదించి తొడుక్కున్నాడట. ఊళ్ళో దిగగానే "సరంగుగారొచ్చారోయ్" అని కుర్రకారు వెక్కిరించారు. ఆయన కాదనలేదు. రోజులు గడిచే కొద్దీ వెక్కిరింతే గౌరవమైంది. ఇక కాదనడం ఎలా? నాయనమ్మ ఇంకో సంగతి కూడా చెప్పింది. ఓడ ముక్కు మీద చెక్కిన ఆడబొమ్మ ఉండేదట. తెల్లవాళ్ళు మేరీ మేరీ అంటుంటే అడుగున ఉన్న మనవాళ్ళకు మారెమ్మ అని వినిపించింది. ఇంకేం, నీళ్ళ మీద అమ్మవారే తోడు వస్తోందనుకున్నారు. పైన తాళ్ళు లాగే కళాసులకూ, సరంగుకూ అది మేరీయే. కింద పడుకున్నవాళ్ళు మాత్రమే మారెమ్మ ఓడ అన్నారు.

ఆ ఓడలో అప్పలనర్సమ్మ అనే పిల్ల ఉంది. మా ముత్తాత పక్క వీధి పిల్ల. తల్లితో పోట్లాడి ఇల్లు వదిలి, ఎవడి మాటలో నమ్మి ఓడెక్కింది. నడిసముద్రంలో దూకబోతే ఆయన చెయ్యి పట్టి ఆపాడు. ఆయన తిరిగి వస్తున్నప్పుడు, "నాను బతికే ఉన్నానని మాయమ్మతో సెప్పు" అని మారెమ్మ మీద ఒట్టు వేయించుకుంది.

ఆయన చెప్పలేదు. ఆ తల్లి రేవులో దిగిన ప్రతివాణ్ణీ "మా నర్సి అగుపించిందేటి బాబూ" అని అడుగుతుంటే, ఆయన ఆమె ఎదురుపడకుండా వేరే వీధిలోంచి ఇంటికి పోయేవాడు. సరంగునని చెప్పుకుంటూనే ఆ కబురు చెప్పి ఉండవచ్చు కదా అని నేను నాయనమ్మను అడిగాను. "చెబితే ఆ ముసిల్ది ఊరుకుంటదా? సరంగువి కదా, మళ్ళీ ఓడెక్కి నా కూతుర్ని తెచ్చిపెట్టమంటది. ఏ ఓడెక్కి తెస్తాడే?" అంది. ఆయన మీద నాకు జాలి వేసింది. ఇప్పటికీ జాలే. మరి నా మీద నాకెందుకు లేదు?

ఎందుకంటే ఆయనలా దాచాల్సిన అవసరం నాకు లేదు. నేను మేడమ్‌ను. నాకు పెన్షన్ ఉంది, పరువు ఉంది, నేను నిజం చెబితే పస్తులుండేవాళ్ళు ఎవరూ లేరు.

కొన్నేళ్ళ కిందట ఒకసారి చర్చిలో ఓడ కథ ముగించి కిందికి దిగాను. మా చర్చి మనిషి సరోజ ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని వచ్చింది. "మేడం, ఈ అమ్మ సౌతాఫ్రికా నుంచి వచ్చింది. తన ముత్తవ్వ ఊరోళ్ళ కోసం తిరుగుతాంది పాపం. మీ ఓడ పేరు వినంగనే పరేషాన్ అయింది. జెర మాట్లాడుండ్రి" అంది. ఆవిడ పేరు పార్వతమ్మ. పొట్టి మనిషి, ఊదారంగు చీర, కాళ్ళకు బూట్లు. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె మాట నాటాలులో పుట్టి పెరిగినవాళ్ళ మాటలా లేదు, అచ్చం మా నాయనమ్మ మాటలా ఉంది.

"అమ్మా, మీ పెద్దోళ్ళు ఆ ఓడని మారెమ్మ ఓడ అనీవోరా?"

నేను మా తమ్ముడి వైపు చూశాను.

"మా ముత్తవ్వ అలాగే అనీదట. అప్పలనర్సమ్మ ఆమె పేరు. ఆ ఓడలో వచ్చిన మనిషి ఒకాయన, వాళ్ళమ్మకి కబురు సెప్తానని ఒట్టేసి ఎల్లాడు. కబురందిందో లేదో అని సచ్చీవరకూ అడిగీదట. ఆయన మనుసులు మీరేనేటి?"

చుట్టూ మా తమ్ముడు, అతని భార్య, నా దగ్గర చదువుకున్న పిల్లలు. అందరూ నవ్వు మొహాలతో చూస్తున్నారు. సరంగుగారి మునిమనవరాలు ఏం చెబుతుందా అని.

"లేదండీ" అన్నాను. "మావాళ్ళు మేరీ అనే అనేవారు. మా ముత్తాత సరంగు. కూలీలతో ఆయనకు సంబంధం లేదు."

చివరి మాట ఎందుకన్నాను? లేదని ఊరుకోవచ్చు కదా! ఆవిడ చేతులు వదిలేసింది. కోపంతో కాదు. పొరపాటున వేరే ఇంటి తలుపు కొట్టినవాళ్ళలా మొహమాటపడి, "ఏటనుకోకండమ్మా" అంది. తప్పు నాది, మన్నించమన్నది ఆవిడ.

రెండు మూడు రోజుల తర్వాత మోండా మార్కెట్‌లో కనిపించింది. సరోజతో కలిసి, పసుపు కొమ్ములు చేతిలోకి తీసుకుని వాసన చూస్తోంది. ఇప్పుడైనా వెళ్ళి చెప్పవచ్చు. చుట్టూ మా వాళ్ళెవరూ లేరు. నేను సంచీ పట్టుకుని పక్క సందులోకి తిరిగాను. సందు సగం నడిచాక నాకు తట్టింది, నేనిప్పుడు చేసింది ఏమిటో. మా వంశంలో అది కొత్త కాదు. అయినా వెనక్కి తిరగలేదు.

ఆవిడ భీమునిపట్నం కూడా వెళ్ళి ఇల్లిల్లూ అడిగిందని సరోజ చెప్పింది. అక్కడ ఎవరికి తెలుస్తుంది? తెలిసిన ఇల్లు పద్మారావు నగర్‌లో ఉంది. మొన్న ప్రార్థన అయ్యాక సరోజ నా పక్కన కూర్చుని, "మేడం, ఆ నాటాలమ్మ పానం ఇడిచిందంట. బిడ్డ ఫోన్ చేసింది. ఆఖరికి సుత ఆ కబురు రందే పెట్టుకున్నదంట" అంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

సరోజ దగ్గర ఆ కూతురి నంబరు తీసుకున్నాను. నిన్న చేశాను. నేనెవరో చెప్పాను. కూలీ అన్నాను, ఒట్టు అన్నాను, కబురు అందలేదన్నాను, మీ అమ్మకు అబద్ధం చెప్పానన్నాను. ఆమెకు తెలుగు అంతగా రాదు. సగం ఇంగ్లీషులో చెప్పాను. అవతల ఆమె ఏడుస్తోందో, నన్ను అసహ్యించుకుంటోందో తెలియలేదు. తర్వాత ఒకటే అడిగింది, ఆ తల్లి పేరేమిటని. అంటే అప్పలనర్సమ్మ తల్లి పేరు.

నాకు తెలియదు. నాయనమ్మ ఎప్పుడూ "ఆ ముసిల్ది" అనే అనేది, నేను ఎప్పుడూ అడగలేదు. తెలియదని చెప్పాను. ఆ ఇంటికి నేను చెప్పిన రెండో నిజం అది. ఆమె ఫోన్ పెట్టేసింది.