తాళం తీసినా ఆగని లారీ

లారీ తాళం చేతిలో పట్టుకుని, తన ముందే ఉరుముతున్న అదే లారీని నోరు తెరుచుకుని చూస్తున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? మా సుల్తానాబాద్‌లో ఒక వాడకట్టంతా చూసింది. ఆ మనిషి నేనే. ఆ రోజు ఒక ఇంజిను పేలిపోబోయింది, మా మామ గుండె ఆగిపోబోయింది, నా పరువు మాత్రం నిజంగానే పోయింది. నవ్వాలనిపిస్తే నవ్వండి. నేనూ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

ముందు నా గొప్ప చెప్పాలి. దుబాయిలో పెద్ద లారీల గ్యారేజీలో మూడేళ్లు పనిచేశాను. ఏం పని అంటారా? మట్టి, గ్రీజు పట్టిన ఇంజిన్లను నీళ్ల పైపుతో కడగడం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "ఇంజిన్ల మీద పని అత్తమ్మా" అనేవాణ్ని. అందులో అబద్ధమేముంది? ఇంజిన్ల మీదికెక్కే కదా కడిగేది!

మా అత్త లచ్చవ్వ ఆ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "మా అల్లుడు మల్లేశం ఇంజన్లు బాగజేస్తడు" అని మొదలైన సంగతి, నేను తిరిగొచ్చే నాటికి "మా అల్లుడు లేకుంటె దుబాయిల లారీలే కదలయి" దాకా పెరిగింది. దూరపు దుబాయి నునుపు మరి. నేనూ సరిదిద్దలేదు. బెల్లం ముక్క నోట్లో పెడితే ఊసేవాడెవడు?

వచ్చిన నెలకే వరికోతలు మొదలయ్యాయి. మా మామ రాజయ్యకు ఒక పాత లారీ ఉంది. తూకమైన వడ్లను కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు చేరవేయడం దాని పని. ఆ ఇంటికి అదే ఆధారం. సరిగ్గా ఆ రోజుల్లోనే అది ఈల వేయడం మొదలుపెట్టింది. ఈలతోపాటు నీలం పొగ. లోడుతో చిన్న ఎత్తు ఎక్కమంటే చాలు, ముసలి ఎద్దులా నిలబడిపోయేది.

మామ, నేను దాన్ని యూసుఫ్ భాయ్ షెడ్డుకు తోలుకుపోయాం. ఆయన డీజిలు బండ్లతోనే తల నెరిపించుకున్న మెకానిక్. ఇంజిన్‌లోకి తల దూర్చి, వేలితో ఏదో కదిలించి చూసి బయటికొచ్చాడు.

"టర్బో పోయింది రాజన్నా. షాఫ్ట్ ఆడుతుంది, నూనె కక్కుతుంది. కొత్తదేసుడే."

టర్బో అంటే భయపడకండి. పొగ విసురుకు గిర్రున తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టే చిన్న పంకా, అంతే.

"ఎప్పుడు జేస్తవ్ భాయ్?"

"నాలుగు దినాలు ఆగు. ముందుగాల వచ్చిన బండ్లు రెండున్నయి."

"నాలుగు దినాలా! మొగులు జూసినవా? వడ్ల కుప్పలన్ని బయటనే ఉన్నయి. వానవడితె రైతులు పరేషానైతరు" అంటూ మామ తల పట్టుకున్నాడు. ఆ తల మెల్లగా నా వైపు తిరిగింది. ముఖం వెలిగింది. "అరె, ఇంట్లనే దుబాయి మెకానిక్ ఉండంగ నాకు ఫికరెందుకు? అల్లుడా, నువ్వు జెయ్యవా?"

నిజం చెప్పడానికి దేవుడిచ్చిన ఆఖరి అవకాశం అది. దాన్ని నేనెలా వాడుకున్నానో వినండి.

"టర్బోనే గదా మామా! ఒక్క పూట పని."

యూసుఫ్ భాయ్ నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "మంచిదే బిడ్డా. కాని కొత్తది పెట్టే ముందుగాల ఒక్కటి యాదుంచుకో..."

"మాకు తెల్వదా భాయ్!" అన్నాను.

ఆయన పానా తీసుకుని పక్క లారీ కిందికి దూరిపోయాడు.

కొత్త టర్బో కరీంనగర్ నుంచి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు పని మొదలుపెట్టాను. నా పద్ధతి ఇదీ: కొట్టం వెనక్కి వెళ్లి ఫోన్లో వీడియో చూడటం, వచ్చి రెండు నట్లు విప్పడం, మళ్లీ కొట్టం వెనక్కి పరుగెత్తడం. వీడియోలో మనిషి మాట్లాడేది ఏ దేశం భాషో నాకిప్పటికీ తెలియదు. చేతులు చూసి నేర్చుకున్నాను. మధ్యలో ఒకచోట అతను వేలు ఊపుతూ ఏదో చాలా గట్టిగా చెప్పాడు. వినే ఓపిక లేక ముందుకు జరిపేశాను.

"అల్లుడా, మాటిమాటికి కొట్టం ఎనుకకు ఎందుకు వోతున్నవ్? కడుపు బాగలేదా?" అంది అత్త.

"అవ్ అత్తమ్మా, జర ఉడుకు చేసింది."

దాంతో నేను తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు మజ్జిగ ఎదురొచ్చింది. అబద్ధానికి శిక్ష ఎప్పుడో పడుతుందంటారు గానీ, నాకు గ్లాసులకొద్దీ అప్పటికప్పుడే పడింది. ఇక ఆ తుప్పు నట్ల సంగతి అడగకండి. బిగించడం రానివాడు పానా వంకర అన్నాడట. నేను పానానూ, నట్టునూ, ఆ నట్టు బిగించినవాడి తాతనూ కలిపి తిట్టాను.

మధ్యాహ్నానికి, నమ్మండి, టర్బో కూర్చుంది. ఒక వాషర్ మాత్రం మిగిలింది.

"గిదేంది?" అన్నాడు మామ.

"స్పేర్ మామా. దుబాయిల గట్లనే ఇస్తరు."

గాలి పైపుకు ఫిల్టర్ ఇంకా బిగించలేదు. ముందు స్టార్ట్ చేసి చూపిస్తే ఆ సంబరమే వేరని దాని మూతి తెరిచే వదిలేశాను. వాడకట్టు పోగైంది. అత్త లారీ ముఖానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నా భార్య స్వరూప గడపలో చేతులు కట్టుకుని నిలబడింది.

తాళం తిప్పాను. ఇంజిన్ లేచింది. ఈల లేదు!

"శెబ్బాష్! జర తొక్కు అల్లుడా, సప్పుడు ఇందాం!" అని మామ అరిచాడు.

తొక్కాను. ఇంజిన్ గర్జించింది. జనం చప్పట్లు కొట్టారు. కాలు తీశాను. గర్జన తగ్గలేదు, పెరిగింది.

"సాలు సాలు, కాలు తియ్!"

"తీసిన మామా!"

"తీస్తె గట్లెందుకు ఒర్రుతుంది?"

తాళం ఆపేశాను. ఇంకా పెరిగింది. తాళం ఊడబీకాను. లారీకి ఆ సంగతే పట్టలేదు. తెల్లటి పొగ చిమ్ముతూ, కొండ మీది నుంచి రాళ్లు దొర్లుతున్నట్టు ఊగిపోతోంది. కిందికి దూకి తాళం పైకెత్తి చూపించాను.

"గిదిగో! తాళం నా చేతులనే ఉన్నది!"

"నీ చేతులుంటె అదెట్ల నడుస్తుందిరా?" కంగారులో మామ నోట్లో 'అల్లుడా' పోయి 'రా' వచ్చేసింది.

"దాన్నే అడుగు మామా!"

గేరు వేసి, బ్రేకు తొక్కి క్లచ్ వదిలితే ఆగేదని తర్వాత తెలిసినవాళ్లు చెప్పారు. అప్పుడు నాకు తోచింది ఒక్కటే: కొట్టం ముందు కట్టేసిన బర్రె వెనక చోటుంది. వెళ్లి నిలబడ్డాను. బర్రె కూడా నన్ను చూసి సిగ్గుపడింది.

ఆ రొదకు రెండు వీధుల అవతలి నుంచి యూసుఫ్ భాయ్ స్కూటర్ మీద వచ్చిపడ్డాడు. వస్తూనే అరుపు: "గాలి మూయుండ్రి! జల్ది! గాలి మూయుండ్రి!"

పొగలో ఎవరికి ఏం అర్థమైందో, వాడకట్టులోని ఆడవాళ్లంతా ఇళ్లలోకి ఉరికి తలుపులు, కిటికీలు ధడధడా మూశారు.

"ఇండ్లు గాదు! గా పైపు మూతి! ఏదన్న చెక్క వెట్టుండ్రి!"

నేను బర్రె వెనక నుంచి కదిలేలోపే మా అత్త కదిలింది. వాకిట్లో తాను కూర్చునే కర్రపీట ఎత్తి, పొగలోకి దూరి, పొంగుతున్న ఎసరు మీద మూత పెట్టినట్టు పైపు మూతి మీద అదిమిపట్టింది. లారీ మూడుసార్లు దగ్గి, ఒకసారి వణికి, చచ్చినట్టు ఊరుకుంది.

"ఇంకో నిమిషమైతె ఇంజన్ ముక్కలైతుండె" అన్నాడు యూసుఫ్ భాయ్. ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే కూలర్‌ను విప్పి ఒక తట్టలోకి వంచాడు. నల్లటి నూనె ధార కట్టింది. "పాత టర్బో కక్కిన నూనె గింత జమైంది. డీజిల్ బందు వెట్టినా, గీ నూనె తాక్కుంటనే ఉరికింది. ముందుగాల గీ కూలర్ కడగాలని చెప్పవోతె ఇంటివా?"

మామ నా వైపు తిరిగాడు. "దుబాయిల నీకు గీ సంగతి చెప్పలేదా?"

ఇక దాచడానికి ఏముంది? "దుబాయిల నేను రిపేర్లు చెయ్యలే మామా" అన్నాను. "బండ్లు కడిగిన."

లోకంలో నాకు నిజంగా వచ్చిన పని కడగడం ఒక్కటే. ఆ రోజు నేను చెయ్యనిదీ అదొక్కటే.

యూసుఫ్ భాయ్ భుజాలు ఊగిపోయేలా నవ్వి, డీజిలు డబ్బా నా చేతిలో పెట్టాడు. "అచ్ఛా, కడిగేటోనివా? మరి కడుగు బిడ్డా!"

కడిగాను. ఆ కూలర్‌లో ముఖం చూసుకునేంత శుభ్రంగా కడిగాను. చీకటి పడకముందే ఆయన అంతా మళ్లీ బిగించాడు, ఆ మిగిలిన వాషర్‌తో సహా. మర్నాడు లారీ కదిలింది. రెండు రోజుల తర్వాత వాన పడేసరికి మా వంతు వడ్లన్నీ మిల్లు చేరాయి.

కూలర్ కడిగిన ఆ రోజు రాత్రి అన్నం ముందు తల వంచుకుని కూర్చుంటే, స్వరూప పప్పు వడ్డిస్తూ అంది, "నాకు ఎప్పటినుంచో ఎరుకే."

"ఏది?"

"నువ్వు కడిగేటోనివని. మూడేండ్లు ఫోటోలు పంపినవ్. ఒక్కదాంట్లనన్న నీ చేతిల పానా ఉన్నదా? అన్నిట్ల నీళ్ల పైపే."

"మరి ఎందుకు చెప్పలే?"

"మా అవ్వ ఇల్లిల్లు తిరిగి గంత సంబరంగ చెప్పుకుంటుంటె నేనెట్ల చెప్పాలె? అయినా లారీ గింత జల్ది చెప్తదనుకోలే."

అందుకే పప్పన్నం సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను. ఈ జన్మలో "మాకు తెల్వదా" అనే మాట నోట రానివ్వను. ఎవరైనా వేలు ఊపుతూ ఏదైనా చెబితే, అది ఏ దేశపు భాషైనా సరే, చేతులు కట్టుకుని చివరిదాకా వింటాను. ఇప్పుడు మా ఇంట్లో కుక్కర్ కూత వెయ్యకపోయినా నేను దాన్ని ముట్టను. ముందు యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేస్తాను, తర్వాత పీట పట్టుకుని రమ్మని అత్తను పిలుస్తాను.